మరుగుదొడ్డి ఎదురుగా మంచం

మా తమ్ముడు రెజీస్ అరగంట నుంచి ఫోన్‌లో ఫొటోలు చూపిస్తున్నాడు. జనవరి మొదటి ఆదివారం. నాన్న ఇంట్లో మధ్యాహ్నం భోజనాలు అయ్యాయి కానీ బల్ల మీద చీజ్ పళ్లెం ఇంకా తియ్యలేదు. ఫిబ్రవరి సెలవుల్లో అందరం కలిసి స్కీయింగ్‌కి ఏ ఊరు వెళ్లాలో మా ఇంట్లో ఏటా ఈ రోజే తేలుతుంది.

"చూడక్కా, రోష్‌గ్రీజ్ 1800! పద్దెనిమిది వందల మీటర్ల ఎత్తులో ఆరుగురు పట్టే ఫ్లాటు, గుమ్మం దిగితే కొండెక్కించే లిఫ్టు. ఈ ధరకి ఆల్ప్స్ మొత్తంలో ఇంకోటి దొరికిందంటే నా చెవి కోసుకుంటా" అన్నాడు.

ఫ్లాటట, ఫ్లాటు! ఒకటే గది. సోఫా లాగితే ఇద్దరికి పక్క, దాని కిందనుంచి ఇంకో పరుపు లాగితే మరో ఇద్దరికి. మిగిలిన ఇద్దరికీ గుమ్మంలోకి రాగానే ఉండే ఇరుకు నడవలో ఒకదాని మీద ఒకటి రెండు మంచాలు. కిటికీ లేదు, తలుపు లేదు, పాత స్నానాలగది తెర ఒకటి వేలాడుతోంది. ప్రకటనలో దాన్ని 'కొండ మూల' అన్నారు. మూల మాట నిజమే. ఆ మూలకి సరిగ్గా ఎదురుగా మరుగుదొడ్డి.

"ఈ మంచాల మీద ఎవరు పడుకుంటారు?" అని అడిగాను.

"కింద నాన్న, పైన గాస్పార్."

గాస్పార్ వాడి కొడుకు. అయిదున్నరేళ్లొచ్చినా ఇంకా పక్క తడుపుతాడు. పైన వాడు, కింద డెబ్బయ్యారేళ్ల మా నాన్న! రాత్రి ఎవరు లేచినా ఆయన ముఖం మీదే దీపం, చెవి పక్కనే నీళ్ల మోత. నేను ఫోన్ వాడి చేతికి తిరిగిచ్చేశాను.

"ఆరుగురికన్నావు. మనం ఏడుగురం కదరా."

"చంటిదాన్ని కూడా లెక్కేస్తావేంటక్కా? దాన్ని సూట్‌కేసులో పడుకోబెట్టినా పడుకుంటుంది" అన్నాడు. వాడి భార్య మోద్ కిసుక్కున నవ్వింది. చంటిది సిదోనీ, ఏడాదిన్నర పిల్ల, తల్లి ఒళ్లో కూర్చుని మెత్తబడిన బ్రెడ్డు ముక్కని నములుతోంది.

ముందు దిగినవాళ్లు రాసిన మాటలు కూడా ఆ పేజీలోనే ఉన్నాయి. షవర్ కింద తూములో జుట్టు ఉండలు వచ్చాయని ఒకావిడ, పరుపు మీద మరకలున్నాయని ఇంకొకాయన. అవి చదివి వినిపిస్తే రెజీస్ చెయ్యి విసిరాడు. "పనిలేనివాళ్లు రాస్తారక్కా అవన్నీ. వెళ్లగానే కాస్త బ్లీచ్ కొట్టామంటే అయిపోయె."

పోయినేడు కూడా వీడు ఎంచిన చోటే. నాకు జ్వరం వచ్చి, నేనూ మా అమ్మాయి కపుసీనూ చివరి రెండు రోజులకి మాత్రం వెళ్లాం. చీజ్ కరిగించే పెనం చూస్తే ముందువాళ్ల చీజ్ అంచుల్లో పచ్చగా గట్టిపడి ఉంది, దాంట్లో ఎవరిదో వెంట్రుక. "వేడి తగిలితే అన్నీ చస్తాయిలే వదినా" అని మోద్ అందులోనే మళ్లీ కరిగించింది. నేను ఆ రెండు రోజులూ ఆపిల్ పళ్లు తిని బతికాను. అదంతా ఒక ఎత్తు. నాన్న స్కీలు బాల్కనీలో సంచీ విప్పకుండా అలాగే ఉన్నాయి, అదొక ఎత్తు. అప్పటికి సిదోనీకి ఆరు నెలలు. "ఒక్క గంట చూసుకో నాన్నా" అని పొద్దున్నే వెళ్లిన మొగుడూ పెళ్లాలు లిఫ్టులు ఆగిపోయేదాకా వచ్చేవాళ్లు కాదట. ఆయన వారమంతా డైపర్లు మారుస్తూ, కిటికీలోంచి ఎదుటి భవనం గోడ చూస్తూ కూర్చున్నాడు.

అడిగితే "పోనీలేవే, చిన్నపిల్ల" అన్నాడు. ఆయన అన్నిటికీ అలాగే అంటాడు.

ఈ రోజు పొద్దున మాత్రం అలా అనలేదు. నేను వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"మార్చిలో మోకాలు మారుస్తారట ఎద్విజ్. ఆ తర్వాత స్కీయింగ్ మాట ఎత్తొద్దన్నాడు డాక్టరు."

"ఇప్పుడు చేయగలవా?"

"పట్టీ బిగించి కట్టుకుంటే చేస్తాను. నెమ్మదిగా." దుంప ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "కపుసీన్‌ని ఒక్కసారి బెల్‌సేర్ అడవి దారిలో దింపాలని ఉందే. మీ ఇద్దరికీ నేర్పింది అక్కడే కదా. ఇప్పుడు దానికి కాలు కుదిరింది, నా వెనకాల వచ్చేయగలదు. బొమ్మ నీకొస్తే బెల్‌సేర్ అను, సరేనా?"

"వాడికి చెప్పావా ఈ సంగతి?"

"వాడికెందుకులే, గాభరా పడతాడు" అన్నాడు. పిచ్చి తండ్రి!

బొమ్మ అంటే రాజుల కేకులో దాచే పింగాణీ బొమ్మ, గోరంత ఉంటుంది. జనవరిలో ఆ కేకు తినని ఇల్లు మా దేశంలో ఉండదు. ఎవరి ముక్కలో బొమ్మ వస్తే వాళ్లు ఆ పూటకి రాజు, నెత్తిన అట్ట కిరీటం. మా ఇంట్లో మాత్రం రాజుకి ఇంకో అధికారం కూడా ఉంది. ఫిబ్రవరిలో ఏ ఊరు వెళ్లాలో ఆ రాజే చెప్పాలి, చెప్పాక ఇంకెవరూ కిక్కురుమనకూడదు. మా అమ్మ పెట్టిన పద్ధతి అది. చిన్నప్పుడు నేనూ రెజీసూ ఊరి కోసం జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లం, ఆ గోల పడలేక పెట్టింది. అమ్మ పోయాక కూడా అదే నడుస్తోంది. గత మూడేళ్లుగా బొమ్మ రెజీస్‌కే వస్తోంది. ఆ మూడేళ్లూ కేకు తెచ్చిందీ కోసిందీ కూడా వాడే. అంతకంటే నేను చెప్పను.

"నాన్నా, బెల్‌సేర్ సంగతేంటి?" అన్నాను, అందరికీ వినబడేలా.

రెజీస్ ముఖం ముడిచాడు. "ఆ పల్లెటూరా! ఉన్నవి మూడు లిఫ్టులు. ఈత కొలను లేదు, ఏమీ లేదు. మంచు పడితే పడినట్టు, లేకపోతే గడ్డి మీద జారాలి."

"లిఫ్టు పాస్ ఖరీదు రోష్‌గ్రీజ్‌లో సగం. డెబ్బయ్యయిదు దాటినవాళ్లకి అసలు ఉచితం. సత్రంలో రెండు పూటలా వేడి వేడి భోజనం పెడతారు. నీ ఫ్లాటు చవకే, మరి ఆ కొండ మీద పాసులూ, అద్దె స్కీలూ, తిండీ కలిపి చూశావా?"

"తిండికి ఖర్చెందుకక్కా? పాస్తా, సాసేజీలు డిక్కీ నిండా వేసుకుపోతాం. మధ్యాహ్నం టిక్కెట్లిచ్చే హాల్లో కూర్చుని తింటే ఎవరేమంటారు, వెచ్చగా కూడా ఉంటుంది. గాస్పార్‌కి పాసే అక్కర్లేదు."

"నాకు నాలుగేళ్లని చెప్పాలి!" అని గాస్పార్ గర్వంగా అందుకున్నాడు. "అయిదని చెబితే చాక్లెట్ ఇవ్వరు."

మోద్ మళ్లీ నవ్వింది. నేను బడి పంతులమ్మని, ఆ వయసు పిల్లలతోనే నా రోజంతా గడుస్తుంది. తండ్రి ముందు నిలబడి అబద్ధాన్ని పద్యంలా అప్పజెప్పే పిల్లాణ్ణి చూస్తే నాకు ఒళ్లు జలదరించింది. అయినా ఊరు తేల్చేది బొమ్మే కదా, దాని కోసం చూద్దామనుకున్నాను.

కేకు ఓవెన్‌లోంచి వచ్చింది. బాదం ముద్ద కూరిన పొరల కేకు, ఇల్లంతా వెన్న వాసన. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు బల్ల కింద దూరి, పైన కోసిన ఒక్కో ముక్కా ఎవరిదో చెప్పాలి, కళ్లతో చూడకుండా. సిదోనీకి ఇంకా మాటలు సరిగ్గా రావు కాబట్టి గాస్పార్ దూరాడు. దూరే ముందు రెజీస్ వాడి చెవిలో ఏదో ఊదాడు. నేను చూశాను. నాన్న కూడా చూశాడు, చూసి తలుపు వైపు తిరిగాడు.

కత్తి దిగుతుంటే గట్టిగా తగిలితే బొమ్మ ఎక్కడుందో కోసేవాడికి తెలిసిపోతుంది. నాలుగో గాటు దగ్గర రెజీస్ చెయ్యి కాస్త పక్కకి జరిగింది.

"ఇది ఎవరికి?"

"కపుసీన్‌కి!" బల్ల కిందనుంచి గొంతు.

"ఇది?"

"అమ్మకి!"

తర్వాతి ముక్క నాకు. దాని తర్వాతి దాన్ని గరిటె మీదికి తీసుకుని రెజీస్ గొంతు సవరించుకున్నాడు. ఖళ్లు ఖళ్లుమని రెండుసార్లు, నాటకంలో లాగ. "మరి ఇది ఎవరికిరా, బాబూ?"



"తాతకి!"

"ఎవరికీ?"

"తాతకి. నీకు పోయినసారి వచ్చింది కదా నాన్నా, తాతకి ఎప్పుడూ రాదు!"

రెజీస్ చెవులు ఎర్రబడ్డాయి. "వాడికి అర్థం కాలేదు" అంటూ ఆ ముక్కని తన పళ్లెంలో వేసుకుని, పక్క ముక్కని నాన్న ముందుకి తోశాడు. అంత బాహాటంగా! నలభై రెండేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, కేకు ముక్క దొంగతనం చేస్తున్నాడు.

"మావయ్యా, అది తాతది" అంది కపుసీన్. తొమ్మిదేళ్ల పిల్ల, లేచి వెళ్లి పళ్లేలు రెండూ మార్చేసింది.

నాన్న మొదటి ముద్దకే నమలడం ఆపి, వేళ్లతో బొమ్మని నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు. గాస్పార్ బల్ల కిందనుంచి పాక్కుంటూ వచ్చి చప్పట్లు కొట్టాడు. కపుసీన్ తాత నెత్తిన కిరీటం పెట్టింది. అది ఆయన చెవుల మీదికి జారింది. ఎంత సంతోషపడ్డాడో చెప్పలేను, సిగ్గుపడిపోయాడు పాపం.

"బెల్‌సేర్" అన్నాడు.

మోద్ మొగుడి వైపు చూసింది. మొగుడు ఫోర్కుతో కేకు పొరలు విడదీస్తున్నాడు.

"అదీ... నాన్నా... రోష్‌గ్రీజ్‌కి గురువారమే డబ్బు కట్టేశాను. ఆఫర్ ఆ రోజుతోనే అయిపోతుందన్నారు. ఇప్పుడు వద్దంటే తిరిగివ్వరు."

"గురువారమే కట్టేస్తే ఈ కేకు ఎందుకు తెచ్చావురా?" అన్నాను.

"పిల్లల సరదాకి! ఏంటక్కా నువ్వు, ప్రతిదానికీ! నాన్నకేం ఫరవాలేదు. ఏం నాన్నా? వచ్చే ఏడు మీ బెల్‌సేర్‌కే పోదాం. మాట."

నాన్న కిరీటం సర్దుకోబోయి చెయ్యి దించేశాడు. "వచ్చే ఏడు నాకు కుదరదురా" అని మోకాలు సంగతి చెప్పాడు. ఆపరేషన్ మార్చిలో అని, డాక్టరు ఏమన్నాడో, కపుసీన్‌తో ఒక్కసారి ఆ అడవి దారిలో దిగాలని అనుకున్నట్టు, అన్నీ చెప్పాడు. ఎవరినో అప్పు అడుగుతున్నవాడిలా నేల చూపులు చూస్తూ చెప్పాడు.

నేను రెజీస్ ముఖం వైపే చూస్తున్నాను. ఎంతైనా నా తోడబుట్టినవాడు. చిన్నప్పుడు వాడి చేతులు మంచుకి కొంకర్లు పోతే నాన్న తన చొక్కా లోపల పెట్టుకుని వెచ్చచేసేవాడు. ఇప్పుడు కరుగుతాడు, ఇప్పుడు లేచి వచ్చి నాన్న భుజం పట్టుకుంటాడు అనుకున్నాను.

"అయితే మరీ మంచిది కదా నాన్నా!" అన్నాడు వాడు, పెద్ద బరువు దిగినట్టు. "నీ మోకాలికి విశ్రాంతి. నువ్వూ సిదోనీ హాయిగా ఫ్లాట్‌లో వెచ్చగా ఉండొచ్చు. ఎలాగూ రోష్‌గ్రీజ్‌లో పిల్లల్ని చూసుకునే క్రెష్ వాళ్లు వారానికి ఎంతంటున్నారో తెలుసా, దోపిడీ!"

ఛీ! నా నోట్లో బాదం ముద్ద మింగుడు పడలేదు, రుమాల్లో ఉమ్మేశాను. ఆ మంచం, ఆ తెర, ఆ పిల్లవాడికి నేర్పిన అబద్ధం, వీటన్నిటికీ కాదు నాకు అసహ్యం వేసింది. వాడు ఆ మాట నవ్వుతూ అన్నాడు చూడండి, నిజంగా నాన్నకి మేలు చేస్తున్నాననుకుంటూ, దానికి.

"తాతే కదా రాజు?" అంది కపుసీన్. "రాజు చెప్పిందే కదా చెయ్యాలి?"

నాన్న కిరీటం తీసి మడతపెట్టాడు.

"నేను రాను రెజీస్" అన్నాడు.

"అంటే?"

"మీరు వెళ్లండి. నేను రాను."

అప్పుడు మోద్ అంది. వద్దనుకున్నా నోరు జారి వచ్చేసినట్టుంది. "మరి సిదోనీని ఎవరు చూస్తారు మామయ్యా?"

ఆ మాట విని నాన్న ఆవిడ వైపు మర్యాదగా చూశాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా అని వెతుక్కుంటున్నట్టున్నాడు. నాకు ఇక ఓపిక లేకపోయింది, కుర్చీ వెనక్కి తోసి లేచాను.

"నీకు కావాల్సింది తండ్రా, జీతం లేని ఆయానా? అదేదో తేల్చుకోరా ముందు! పోయినేడు వారమంతా ఆయన్ని ఆ డబ్బాలో పెట్టి తాళం వేశావు. ఈ ఏడు మరుగుదొడ్డి ఎదురుగా పక్క వేశావు. పైగా ఆయన నోటి దగ్గర ముక్క కూడా లాక్కున్నావు!"

"నోరు అదుపులో పెట్టుకో అక్కా. అందరి కోసం నెలంతా వెతికింది నేను. నువ్వేం చేశావు? నీ పంతులమ్మ జీతంతో, ఒంటరిదానివి, నువ్వు ఏ కొండెక్కుతావో నేనూ చూస్తా!"

"చూడు. కళ్లు పెద్దవి చేసుకుని చూడు."

మోద్ చంటిదానికి కోటు తొడిగింది. గాస్పార్ ఏడుపు మొదలుపెట్టాడు, తను తప్పు చెప్పినందుకే ఈ గొడవంతా అని. నాన్న వాణ్ణి ఎత్తుకుని, "నువ్వే సరిగ్గా చెప్పావురా, నువ్వొక్కడివే" అని బుగ్గ తుడిచాడు. రెజీస్ గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాడు. మనసు మారిందేమో అనుకున్నాను. బల్ల మీద మిగిలిన కేకు ముక్కల్ని కాగితంలో చుట్టుకుని చంకన పెట్టుకుపోయాడు. థూ!

కారు చప్పుడు దూరమయ్యాక నేను వంటింట్లోకి వెళ్లి బెల్‌సేర్ సత్రానికి ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఒక ముసలావిడ ఎత్తింది. నాన్నా, నేనూ, తొమ్మిదేళ్ల పిల్లా అని చెప్పాను.

"ఫిబ్రవరి సెలవులకా? అవి ఎండాకాలంలోనే నిండిపోయాయమ్మా. మొదటి వారం లేదు, రెండో వారం లేదు, ఒక్క మంచం లేదు."

రెజీస్ ముందు అంత ఎగిరి, ఇప్పుడు నాన్నకి ఏం చెప్పను? సెలవులయ్యేసరికి మార్చి వచ్చేస్తుంది.

"ఇంకెప్పుడైనా... ఏ మూలైనా ఫరవాలేదండి."

"సెలవులు కాకపోతే మూలలెందుకమ్మా, వచ్చే వారం ఇల్లంతా ఖాళీయే. మంచు కూడా మొన్న బాగా పడింది. అద్దె సగమే తీసుకుంటాను. కానీ పిల్ల ఉందన్నావు కదా, బడి ఉండదూ?"

ప్రతి జనవరిలోనూ నా తరగతిలో ఒకరిద్దరు పిల్లలు మాయమవుతారు. జ్వరమని చీటీ వస్తుంది. వారం తర్వాత ఆ పిల్ల వస్తుంది, ముఖమంతా మంచు మీది ఎండకి కమిలిపోయి, కళ్లచుట్టూ మాత్రం తెల్లగా అద్దాల అచ్చు. చవగ్గా వస్తుందని బడి ఎగ్గొట్టించి స్కీయింగ్‌కి తీసుకుపోయే ఆ తల్లిదండ్రులని చూస్తే నాకు పరమ రోత. పిలిపించి నిలబెట్టి కడిగేస్తాను. పిల్లలకి అబద్ధం నేర్పుతున్నారు, సిగ్గు లేదా అంటాను. ఇరవై ఏళ్లుగా అంటున్నాను.

"బడి లేదండి" అన్నాను. "శనివారం సాయంత్రానికి వచ్చేస్తాం. ముగ్గురం."

ఫోన్ పెట్టేసి తిరిగితే గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో ఏమో.

"శనివారమా? కపుసీన్ బడి?"

"దానికి జ్వరం నాన్నా."

"మరి నీ బడి?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "నాకూ జ్వరమే."

నాన్న కుంటుకుంటూ దగ్గరికొచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచి చూశాడు.

"అవునే, కాలిపోతోంది" అన్నాడు. "వారం పడుతుంది తగ్గడానికి."